వయస్సుతో వేషము మార్చు పార్శ్వపు నొప్పి

పాఠశాలలో రెండవ గంటకో మూడవ గంటకో ఒక బాలుడు కడుపునొప్పి యని బల్లపై తల వాల్చును. ముఖము పాలిపోవును. ఒకసారి వాంతి యగును. ఇంటికి పంపినచో రెండు గంటలు చీకటిగదిలో నిద్రించి, సాయంకాలమునకు ఏమియు జరుగనట్లే వీధిలో బంతియాట యాడుచు ఉపాధ్యాయుని కంటబడును. మరునాడు తరగతిలో వానికి లభించు బిరుదు 'దొంగవేషాలవాడు' అనునది. లెక్కల పరీక్షనాడే వచ్చుటయు, నిద్ర లేవగానే మాయమగుటయు చూచినవారు అట్లు తలంచుటలో వింత లేదు. కాని అట్టి బాలురలో కొందరికి వచ్చినది నటన కాదు, పార్శ్వపు నొప్పి. అది యింకను తలలోనికి చేరలేదు, అంతే.

పార్శ్వపు నొప్పి యనినను, ఒంటి తలనొప్పి యనినను, మైగ్రేను అనినను ఒకటే. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున శిరోరోగములు పదునొకండు చెప్పబడినవి. వానిలో అర్ధావభేదకము ఒకటి. తలలో సగమును భేదించునది యని దాని యర్థము. గ్రీకు వైద్యుడు గాలెను వాడిన 'హెమిక్రేనియా' అను మాటకును అర్ధశిరస్సు అనియే యర్థము. అదియే లాటినులోను, ఫ్రెంచిలోను నోళ్లలో అరిగి 'మైగ్రేను' అయినది. ఒకరితో నొకరికి సంబంధము లేకయే రెండు దేశముల వైద్యులును ఈ వ్యాధికి సగముతల పేరే పెట్టుట విశేషము. అయినను ఆ పేరు పూర్తిగా సరిపోదు. పేరు పెట్టినవారు నడివయస్సు రోగులను చూచి పెట్టిరి కాబోలు. పసితనమున ఈ వ్యాధికి సగముతల లేదు. ముసలితనమున ఒక్కొక్కప్పుడు తలనొప్పియే లేదు.

ఈ వ్యాధి ఒక మనిషి జీవితములో ఎట్లు నడచునో తెలిసికొనవలె నన్నచో ఆ మనిషితోపాటు వైద్యుడు కూడ నడువవలెను. ఆస్పత్రికి వచ్చిన రోగిని ఒకనాడు పరీక్షించి చెప్పగల విషయము కాదిది. అట్టి ఓపిక చూపినవాడు స్వీడను దేశమున ఉప్సలా నగరపు పిల్లల వైద్యుడు బో బిల్లె. ఆయన 1955లో ఆ నగర పాఠశాలలలో చదువుకొనుచున్న 7 మొదలు 15 సంవత్సరముల వయస్సుగల సుమారు 9,000 మంది పిల్లల తలనొప్పులను గురించి విచారణ జరిపెను. ఫలితములను 1962లో గ్రంథముగా ప్రకటించెను. ఏడేండ్ల పిల్లలలోనే నూటికి 40 మంది వరకు ఏదో యొకనాడు తలనొప్పి ఎరిగినవారు. పదునైదేండ్లకు ఆ సంఖ్య నూటికి 75 అయినది. అన్ని తలనొప్పులును పార్శ్వపు నొప్పులు కావు. నిజమైన మైగ్రేను మొత్తము మీద నూటికి దాదాపు నలుగురు పిల్లలకు కనబడెను. ఏడేండ్లవారిలో నూటికి ఒకరు, ఇద్దరు, పదునైదేండ్లవారిలో అయిదుగురు.

గ్రంథము ప్రకటించుటతో ఆయన పని ముగియలేదు. నొప్పి తీవ్రముగా నున్న 73 మంది పిల్లలను ఏరి, వారు పెరిగి పెద్దవారై, తామును తల్లిదండ్రులై, ఏబదియవ పడికి చేరువరకు, 1995 దాక, నలువది సంవత్సరములు వదలక విచారించెను. యౌవనారంభమునకును పాతికేండ్లకును నడుమ వారిలో నూటికి 60 మందికి పైగా కనీసము రెండేండ్ల పాటు నొప్పి యెరుగక బ్రదికిరి. పిల్లవానికి పోయినదని తల్లిదండ్రులు సంతోషించి యుందురు. కాని అట్లు విడువబడినవారిలో చాలమందికి కొన్ని యేండ్ల తరువాత అది తిరిగి వచ్చెను. తుదకు నలువది యేండ్ల తరువాత లెక్క చూడగా, ఆ పిల్లలలో సగముమందికి పైగా ఏబదియేండ్ల వయస్సున గూడ మైగ్రేను పీడితులుగనే యుండిరి. పాతికేండ్ల లోపల శాశ్వతముగా విముక్తి పొందినవారు నూటికి ఇరువదిముగ్గురు మాత్రమే. వారిలోను బాలురే ఎక్కువ.

దీనినిబట్టి చూడగా మైగ్రేను వచ్చి పోవు జబ్బు కాదనియు, మెదడునకు పుట్టుకతో వచ్చిన ఒక తత్త్వమనియు తెలియుచున్నది. వంశపారంపర్యముగా సంక్రమించునది నొప్పి కాదు. త్వరగా కదలిపోవు స్వభావము. మార్పును సహింపలేని మెదడది. నిద్ర తగ్గినను, పెరిగినను, భోజనము తప్పినను, ఎండ తగిలినను, శరీరములోని రసములు హెచ్చుతగ్గులైనను అది కలత జెందును. కలత జెందినప్పుడు ముఖమునకును మెదడు పొరలకును స్పర్శ నిచ్చు పెద్ద నాడి రేగి, దాని కొనలనుండి కొన్ని పదార్థములు వెలువడి, నొప్పి పుట్టును. తత్త్వము ఒక్కటియే. అయితే ఏడేండ్ల మెదడు వేరు, ముప్పదియేండ్ల మెదడు వేరు, డెబ్బదియేండ్ల మెదడు వేరు. అందువలననే వేషములు మారుచున్నవి.

బాల్యపు వేషము అన్నిటికంటె మోసకరమైనది. పెద్దలకు నొప్పి నాలుగు గంటలు మొదలు మూడు దినముల వరకు ఉండగా, పిల్లలకు ఒకటి రెండు గంటలలోనే ముగియవచ్చును. పెద్దలకు ఒక కణతలో పుట్టును. పిల్లలకు తరచుగా నుదురంతయు పట్టుకొనును. వికారము, వాంతి ముందునకు వచ్చి, తలనొప్పి వెనుకబడును. కొందరికి తలనొప్పి బొత్తిగా లేక, బొడ్డు చుట్టును నొప్పి, ముఖము వెలవెలబోవుట, అన్నము చూచిన అసహ్యము మాత్రమే యుండి, కొన్ని గంటలు కాగానే పోయి, నడుమ వారములకొలది పిల్లవాడు ఆరోగ్యముగా నుండును. దీనిని వైద్యులు ఉదర మైగ్రేను అందురు. అంతకంటె చిన్నవారిలో ఉన్నట్టుండి తల తిరిగినట్లై తల్లిని కరచుకొని కొద్ది నిమిషములలో మామూలగుటయు, నెలకో రెండు నెలలకో యొకసారి గంటలకొలది వాంతులు పట్టుకొని విడుచుటయు గలవు. ఈ పిల్లలే బస్సులో కిటికీ దగ్గర కూర్చుండబెట్టుడని మారాము చేయువారు. పొత్తిళ్లలో సాయంకాలము కాగానే ఎడతెగక ఏడ్చిన శిశువులలో గూడ కొందరు ముందుముందు మైగ్రేను రోగులగుదురని 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధన సూచించెను. ఏడ్చిన శిశువు లందరును రోగులగుదురని తల్లులు భయపడ నక్కరలేదు.

మాటలు రాని పిల్లవాని నొప్పిని నడవడిని బట్టియే పట్టవలెను. ఆడుచున్నవాడు ఆట మాని, వెలుతురుకు వెనుదిరిగి, ఎవరును చెప్పకయే పోయి పండుకొనినచో అది నటన కాదు. నటించువాడు ఆట మానడు. తల్లికో తండ్రికో మేనమామకో ఈ నొప్పి యున్నదేమో అడిగినచో సగము సమాధానము దొరకును. ఉపాధ్యాయుడు చేయగలిగినది స్వల్పమే గాని విలువైనది. నీరు త్రాగనిచ్చి, చీకటిగా నుండు మూలగదిలో అరగంట పడుకొననిచ్చి, ఎన్నడు, ఏ వేళ వచ్చినదో ఒక కాగితముపై వ్రాసి యింటికి పంపిన చాలును. ఉదయమున ఏమియు తినక ఎండలో నడచి వచ్చు పిల్లలకు ఇది ఎక్కువగా వచ్చును. మాత్ర ఇయ్యవలసి వచ్చినచో బరువునకు తగినది వైద్యుడు చెప్పిన ప్రకారము మొదటనే ఇయ్యవలెను. పదునారేండ్ల లోపువారికి ఆస్పిరిను మాత్రము తమంత తాము ఈయరాదు. ఇది అరుదుగా కాలేయమునకును మెదడునకును ప్రమాదము తెచ్చును. మెడ బిగిసి జ్వరముతో కూడిన తలనొప్పియు, రోజురోజునకు పెరుగుచు తెల్లవారుజామున వాంతితో లేపు తలనొప్పియు, నడక తడబడుటయు మైగ్రేను అని సరిపెట్టుకొనదగినవి కావు.

పదునొకండు పండ్రెండేండ్ల వరకు ఈ వ్యాధి బాలురకును బాలికలకును సమానము. కొన్నిచోట్ల బాలురకే కొంత హెచ్చు. యౌవనారంభమున త్రాసు ఒక్కసారిగా తిరుగబడును. పెద్దలైన పిమ్మట ఒక పురుషునకు ఇద్దరు, ముగ్గురు స్త్రీలు ఈ బాధ పడుచుందురు. స్త్రీలు సుకుమారులనియు, మనస్సున పెట్టుకొందురనియు చాలకాలము చెప్పుకొనిన కారణములు నిలువలేదు. బ్రయను సోమర్విల్ అను వైద్యుడు 1972లో ప్రకటించిన పరిశోధనయే దీనికి సాక్ష్యము. నెలనెలా ఋతుకాలమున తప్పక నొప్పి వచ్చు స్త్రీలకు ఆ సమయమునకు ముందు ఆయన ఈస్ట్రోజెను అను స్త్రీరసమును సూదిమందుగా నిచ్చెను. ఋతువు యథాకాలమున వచ్చెను, నొప్పి మాత్రము వెనుకకు జరిగెను. రక్తములో ఆ రసము పడిపోయిన తరువాతనే అది వచ్చెను. అనగా నొప్పికి కారణము ఋతుస్రావము కాదు, దానికి ముందు ఆ రసము దిగజారుట.

ఈ యొక్క సూత్రము చేతబట్టుకొనినచో స్త్రీ జీవితములోని అనేక విషయములు విడివడును. గర్భము ధరించిన పిమ్మట ఈస్ట్రోజెను పెరిగి నిలకడగా నుండును. అందువలన నాలుగవ నెల మొదలు చాలమంది గర్భిణులకు నొప్పి తగ్గును, కొందరికి పూర్తిగా పోవును. ప్రసవము కాగానే ఆ రసము కుప్పకూలును. నిద్ర లేని రాత్రులు దానికి తోడగును. పురుటిమంచము మీదనే పాత నొప్పి పలుకరించును. బాలింతకు చలిగాలి తగిలినదని ఇంటిలోని పెద్దమ్మలు చెవులలో దూది పెట్టుదురు. అయితే ఆ దినములలో మునుపెన్నడు లేని తీవ్రమైన తలనొప్పి వచ్చినచో, చూపు మసకబారినచో, మూర్ఛ వచ్చినచో ఆలస్యము చేయరాదు. రక్తపుపోటు వలనను, మెదడు సిరలలో రక్తము గడ్డకట్టుట వలనను కూడ అట్టివి వచ్చును.

ఇరువది మొదలు నలువదియైదు వరకు ఈ వ్యాధికి నిండు యౌవనము. మనిషి పని చేయు వయస్సే దానికిని పని చేయు వయస్సు. పుస్తకములలో వర్ణింపబడిన పార్శ్వపు నొప్పి ఇదియే. ఒక కణతలో నాడి కొట్టుకొనినట్లు నొప్పి, మెట్లెక్కినచో హెచ్చుట, దీపమును గిన్నెల చప్పుడును పోపువాసనను సహింపలేకుండుట. పొరుగున నున్న కర్ణాటకమున జరిగిన యొక సర్వేలో, పెద్దలలో నూటికి 25 మందికి ఏడాదిలో ఒకసారియైనను మైగ్రేను వచ్చినట్లు 2015లో ప్రకటించిరి. ఐరోపా గ్రంథములలో కనబడని కారణము కూడ మన దేశమున ఒకటి గలదు. తలంటి పోసికొనిన దినమున నొప్పి వచ్చునని మన స్త్రీలు తరతరములుగా చెప్పుచునే యున్నారు. 2006లో అట్టి 94 మంది భారతీయ రోగులను గురించి ఒక వైద్యపత్రికలో వ్యాసము వెలువడిన పిమ్మటనే ఆ మాటకు శాస్త్రములో చోటు దొరకెను. తడిజుట్టుతో గంటలకొలది ఉండుట, శుక్రవారపు ఉపవాసము, పండుగనాడు వంటింటి పొగ ఒకే దినమున కలిసివచ్చునప్పుడు ఏది కారణమో విడదీయుట కష్టమే.

ఈ వయస్సున వ్యాధి వేసెడి మరియొక వేషము మనుష్యుడు చేజేతుల కుట్టి యిచ్చినది. నెలకు రెండుసార్లు వచ్చు నొప్పి అయిదుసార్లు, పదిసార్లు వచ్చుచు, నెలలో పదునైదు దినములకు మించినచో దానిని దీర్ఘ మైగ్రేను అందురు. నొప్పి విడివిడిగా వచ్చువారిలో ఏటేటా నూటికి ఇద్దరు ముగ్గురు ఈ దశలోనికి జారుచుందురు. అట్టివారిలో పెక్కురి యింట కొట్టునుండి తెచ్చిన మాత్రల అట్టలు కనబడును. మామూలు నొప్పిమాత్రలను నెలకు పదునైదు దినములు, మైగ్రేనుకే ప్రత్యేకముగా ఏర్పడిన ట్రిప్టాను మాత్రలను పది దినములు మూడు నెలలకు పైగా వాడినచో, ఆ మాత్రలే నొప్పిని పోషింప మొదలిడును. మాత్ర మానినచో నొప్పి, వేసికొనినచో రేపటికి నొప్పి. నిత్యము తలకు గుడ్డ బిగించి కట్టుకొని పనిచేయు గృహిణులలో కొందరి కథ ఇదియే. ఈ చిక్కు విప్పుటకు వైద్యుని పర్యవేక్షణలో ఆ మాత్రలు మాని, నొప్పి రాకుండుటకు నిత్యము తీసికొను మందులు ప్రారంభింపవలెను. అట్టి మందులు ఇప్పుడు అనేకము గలవు. గుండెజబ్బు కొరకు పుట్టిన ప్రొప్రనొలాలు మొదలు, నాడికొనలనుండి వెలువడు సి.జి.ఆర్.పి. అను పదార్థమునే లక్ష్యముగా చేసికొని 2018లో వెలువడిన సూదిమందుల వరకు.

నలువదియైదేండ్ల చుట్టుప్రక్కల, ముట్లుడుగుటకు ముందు కొన్ని సంవత్సరములు, ఈస్ట్రోజెను ఒకనాడు ఎగయుచు ఒకనాడు పడుచు గాలిపటమువలె నాడును. ఇరువదియేండ్లుగా నొప్పిని మచ్చిక చేసికొనితిమనుకొన్న స్త్రీలకు అది మరల పెచ్చుమీరును. పెద్దకుమార్తె పెండ్లి, ఉద్యోగపు బరువు, అత్తగారి జబ్బు, వీనిలో దేనికో దానిని అంటగట్టుదురు. ముట్లుడిగి ఆ రసము తక్కువ మట్టమునైనను నిలకడ పొందిన తరువాత చాలమందికి ఉపశమనము కలుగును. అయితే శస్త్రచికిత్సచే అండాశయములు తీసివేయబడినవారికి ఈ యుపశమనము తరచుగా దొరకదు. వారి నొప్పి హెచ్చుటయు గలదు. క్రమముగా దిగుటకును, మెట్టుమీదనుండి త్రోయబడుటకును గల భేదమది. తలనొప్పి పోవునను నమ్మకముతో గర్భసంచి, అండాశయములు తీయించుకొనుట అందుచే తగనిపని.

ముసలితనమున వ్యాధి దుస్తులు ఒక్కొక్కటిగా విప్పును. వాంతులు తగ్గును. వెలుతురు అంత బాధింపదు. నొప్పి ఒక కణత విడిచి రెండువైపులకు, మెడకు ప్రాకును. అనేకులకు అసలే నిలిచిపోవును. కొందరికి మాత్రము తలనొప్పి పోయి, దానికి ముందు వచ్చుచుండిన కాంతి మిగులును. కంటిముందు ఒక చిన్న చుక్క పుట్టి, కోటగోడ బురుజులవలె వంకరటింకర మెరుపుగీతలతో పెరుగుచు, నడుమ చూపును మింగుచు, ఇరువది ముప్పది నిమిషములలో అంచునకు జరిగి మాయమగును. వైద్యులు దీనిని 'ఆరా' అందురు. ఇంగ్లండున గ్రీనిచి వేధశాలకు అధిపతియైన జార్జి ఎయిరీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు తన అరువదినాలుగవ యేట, 1865లో, తన కంటిముందు కదలిన ఈ గీతలను గురించి వ్యాసము వ్రాసెను. తనకు సాధారణముగా అంతకు మించిన బాధ లేదనియు, మిత్రులలో కొందరికి మాత్రము వెంట తలనొప్పి వచ్చుననియు చెప్పెను. ఆయన కుమారుడు వైద్యుడైన హ్యూబర్టు ఎయిరీకిని ఇదియే బాధ. అతడు తాను చూచినదానిని నిమిషనిమిషమునకు బొమ్మ గీసి 1870లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. నక్షత్రముల కదలికను కొలిచిన ఇంటిలో పుట్టినవాడు గనుక తన కంటిలోని కదలికను గూడ కొలిచినాడు.

ఆ గీతలు పుట్టునది కంటిలో కాదు. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు కార్ల్ లాష్లీ తన కంటిముందు అవి జరిగిన వేగమును లెక్కగట్టి, మెదడు వెనుకభాగమున ఏదో యొకటి నిమిషమునకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ప్రాకుచున్నదని 1941లో చెప్పెను. మూడేండ్లకు, 1944లో, బ్రెజిలు దేశీయుడైన లియావ్ కుందేళ్ల మెదడుపై ఇంచుమించు అదే వేగముతో నెమ్మదిగా ప్రాకు అలను కనుగొనెను. అతడు మైగ్రేనును వెదకుచుండలేదు, మూర్ఛరోగమును పరిశోధించుచుండెను. రెండు విషయములును ఒక్కటియే యని గుర్తించుటకు మరికొన్ని సంవత్సరములు పట్టినది.

నత్తవంటి ఈ నడకయే ముసలివారి పాలిట ముఖ్యమైన విషయము. అరువదియైదేండ్ల వృద్ధునకు మొదటిసారి చూపు చెదరి, చేయి తిమ్మిరెక్కి, మాట తడబడినప్పుడు పక్షవాతమని ఇల్లంతయు గగ్గోలు పెట్టును. గగ్గోలు పెట్టవలసినదే, వెంటనే ఆస్పత్రికి పోవలసినదే. అయితే తరువాత పరీక్షలన్నియు సరిగా నున్నప్పుడు ఏమనుకొనవలెను? మిల్లరు ఫిషరు అను నాడీవైద్యుడు 1980లో నలువది దాటిన 120 మంది ఇట్టి రోగులను గురించి వ్రాయుచు, వృద్ధాప్యమున మైగ్రేను తలనొప్పి లేకయే ఈ రూపమున రాగలదని చూపెను. పక్షవాతము ఒక్క దెబ్బతో వచ్చును; లేనిదానిని చూపదు, ఉన్నదానిని తీసివేయును. మైగ్రేను మెల్లగా పెరుగును. మెరుపు ముందు, చీకటి తరువాత. తిమ్మిరి వ్రేళ్లనుండి మోచేతికి, పెదవికి నిమిషములకొలది నడచును. ఈ భేదమును నిర్ణయించుట వైద్యుని పని. ఆరా గలవారికి పక్షవాత భయము ఇతరులకంటె కొంత హెచ్చు గనుక పొగత్రాగుట వారికి మరింత చెరుపు. ఆరా గల యువతులు ఈస్ట్రోజెను కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడరాదని వైద్యులు చెప్పుటయు అందుచేతనే. గుండెజబ్బు గల వృద్ధులకు ట్రిప్టానులు పనికిరావు.

ఏబదియేండ్లు దాటిన తరువాత, మునుపెన్నడు తలనొప్పి ఎరుగనివారికి క్రొత్తగా కణత నొప్పి పుట్టినచో దానికి పార్శ్వపు నొప్పి యని పేరు పెట్టుటకు తొందరపడరాదు. కణతలోని రక్తనాళము వాచి, దువ్వెన తగిలినచో నొప్పి, అన్నము నమలునపుడు దవడ నొప్పి పుట్టించు వ్యాధి యొకటి గలదు. మన దేశమున అది అరుదే. రక్తపరీక్షతో అనుమానము కలిగిన దినముననే స్టెరాయిడు మందు మొదలుపెట్టనిచో కన్నుపోవు ప్రమాదము గలదు. అందువలన వృద్ధుని తలనొప్పిని విచారించు వైద్యుడు మొదట ఇప్పటి నొప్పిని గాక పూర్వపు నొప్పులను గురించి ప్రశ్నించును. నీవు చిన్ననాడు బస్సెక్కినచో వాంతి చేసికొనెడివాడవా? బడిలో కడుపునొప్పి వచ్చెడిదా? మీ అమ్మ తలకు గుడ్డ కట్టుకొని పండుకొనెడిదా? అరువదియేండ్ల క్రిందటి ఆ కడుపునొప్పిని అప్పుడు ఎవరైనను నమ్మి, గుర్తుపెట్టుకొని యుండినచో ఆ ప్రశ్నలకు సమాధానము దొరకును.